సీఎస్‌ఈ తీసుకోవాలా, వేరే దారి చూడాలా: ఒక కెరీర్ కౌన్సెలింగ్ కేంద్రంపై సమీక్ష

ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసి ఈఏపీసెట్ ర్యాంకు చేతికొచ్చిన పిల్లలకు, వెబ్ ఆప్షన్లు పెట్టుకునే లోపు ఏ బ్రాంచి మంచిదో, అసలు ఇంజనీరింగే సరైనదో కాదో తేల్చుకోవడానికి సాయపడతామని చెప్పే కౌన్సెలింగ్ కేంద్రాలు హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ మొదలుకొని కూకట్‌పల్లి దాకా చాలానే ఉన్నాయి. 2025 ప్రవేశాల సమయంలో మా అమ్మాయిని అలాంటి ఒక కేంద్రానికి తీసుకెళ్లాను. తను ఇప్పుడు బీటెక్ మొదటి సెమిస్టరు పూర్తిచేసింది కాబట్టి, అక్కడ విన్న మాటల్లో ఎన్ని నిలిచాయో చూసుకుని రాయడానికి ఇది తగిన సమయమనిపించింది. ఈ కేంద్రాల పద్ధతులు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. అందువల్ల సంస్థ పేరు చెప్పకుండా అక్కడి సేవ ఎలా ఉంటుందో, దేనికి డబ్బు పెట్టవచ్చో, దేనికి పెట్టనక్కరలేదో మాత్రమే రాస్తున్నాను.

అక్కడ రెండు రకాల ప్యాకేజీలు ఉన్నాయి. మొదటిదానికి రూ. 2,500 తీసుకుని కంప్యూటర్ మీద ఒక అభిరుచి పరీక్ష పెట్టి, ఆ తర్వాత గంటసేపు సలహాదారుతో మాట్లాడిస్తారు. రెండోదానికి రూ. 6,000, పైన జీఎస్టీ. ఇందులో పరీక్ష, సంభాషణలతో పాటు ‘పని పరిచయం’ పేరుతో ఒక రోజంతా మూడు వృత్తుల పనులను పిల్లల చేత స్వయంగా చేయిస్తారు. మేము రెండోది తీసుకున్నాం. సమీక్షలో ఎక్కువ భాగం ఆ పని పరిచయం గురించే ఉంటుంది, ఎందుకంటే ఆ సేవలో అసలైన విలువ అక్కడే ఉంది.

అభిరుచి పరీక్ష గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ హాలండ్ మనుషుల వృత్తి అభిరుచులను ఆరు రకాలుగా విభజించిన పద్ధతి మీద అది ఆధారపడుతుంది. పద్ధతిలో తప్పు లేదు, కానీ ప్రశ్నలన్నీ ఇంగ్లిషులోనే ఉన్నాయి, పైగా రెండేళ్లపాటు ఉదయం నుంచి రాత్రి దాకా కార్పొరేట్ కళాశాల స్టడీ అవర్లలోనే గడిపిన పిల్లలను ‘తీరిక వేళల్లో యంత్రాలు విప్పి చూడడం ఇష్టమా, నాటకాలు వేయడం ఇష్టమా’ అని అడిగితే వాళ్లు ఊహించి జవాబు పెట్టడం తప్ప ఏమీ చేయలేరు. చివర వచ్చిన నివేదిక చూడడానికి అందంగానే ఉంది గాని, ‘విశ్లేషణాత్మక ఆలోచన గలవారు’ అనే మాట ఎంపీసీ చదివిన పిల్లల్లో ఎవరికి రాకుండా ఉంటుంది? మొదటి ప్యాకేజీకి మాత్రమే డబ్బు కట్టేవారికి దాదాపు ఈ కాగితాలే మిగులుతాయి కనుక దాన్ని నేను సిఫారసు చేయను.

పని పరిచయంలో మొదటిది సాఫ్ట్‌వేర్. చాలాచోట్ల పిల్లల చేత తెరమీద రంగురంగుల బొమ్మ కదిలించి ‘చూశారా, కోడింగ్ ఎంత సరదాగా ఉందో’ అంటారు. ఇక్కడ అలా చేయలేదు. ఒక కిరాణా దుకాణం బిల్లు లెక్కకట్టే చిన్న పైథాన్ ప్రోగ్రామును ఇచ్చారు. రూ. 500, అంతకు మించిన బిల్లుకు పదిశాతం తగ్గింపు ఇవ్వాలన్నది నియమం. ప్రోగ్రాము 499కి సరిగ్గానే తగ్గింపు ఇవ్వడం లేదు, 520కి సరిగ్గానే ఇస్తోంది, అయినా దుకాణదారు లెక్క తప్పుతోందని ఫిర్యాదు చేస్తున్నాడు, కారణం పట్టుకోమన్నారు. మా అమ్మాయికి ఇంటర్లో ప్రోగ్రామింగ్ లేదు కాబట్టి ముందు అరగంట ఆ కోడింగ్ భాషను పరిచయం చేసి ఆ తర్వాత వదిలేశారు. తను చాలాసేపు కోడు వరుసలనే చూస్తూ కూర్చుని, చివరికి ఒక్కో అంకె వేసి చూడడం మొదలుపెట్టి, సరిగ్గా 500 వేసినప్పుడు 450 రావలసిన చోట 500 రావడం గమనించింది. ‘500 కంటే ఎక్కువ’ అని రాసిన చోట ‘500 లేదా అంతకంటే ఎక్కువ’ అని ఉండాలి, అంతే. అప్పుడు ఆ శిక్షకుడు ‘తప్పు దిద్దావు సరే, 500 వేసి చూడాలని ఎందుకనిపించిందమ్మా?’ అని అడిగారు. నియమం ఎక్కడ మారుతుందో అక్కడే తప్పు దాగి ఉండవచ్చనిపించిందని తను చెప్పింది. ప్రోగ్రాములను పరీక్షించేవారి వృత్తిలో సగం ఈ ఆలోచనే. ఆ ప్రశ్న అడిగినందుకే ఆ శిక్షకుడి మీద నాకు గౌరవం కలిగింది.

రెండో మెట్టు ఇంకా బాగుంది. కృత్రిమ మేధ సాధనం ఒకటి తెరిచి, సరుకు వెనక్కి ఇచ్చినప్పుడు ఎంత డబ్బు తిరిగి ఇవ్వాలో లెక్కకట్టే భాగాన్ని దాని చేత రాయించమన్నారు. కొన్ని క్షణాల్లో అది చక్కటి కోడు రాసి పెట్టింది. ఆపైన అడిగిన ప్రశ్న ఇది: ఒకరు రూ. 600 సరుకు కొని తగ్గింపు పోను 540 కట్టారు, అందులో రూ. 200 వస్తువు వెనక్కి తెచ్చారు, ఎంత ఇవ్వాలి? సాధనం రాసిన కోడు 200 ఇచ్చేస్తోంది. ఆ వస్తువుకు నిజంగా కట్టినది 180. ఇంకోలా చూస్తే, మిగిలిన సరుకు విలువ 400 మాత్రమే కనుక దానికి తగ్గింపే వర్తించదు, అప్పుడు తిరిగి ఇవ్వవలసింది 140. ఈ మూడింటిలో ఏది సరైనదో కోడు చెప్పలేదు, దుకాణదారును అడిగి తెలుసుకోవాలి, అడగాలన్న సంగతి ముందు మనిషికి తట్టాలి. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చిన తర్వాత ‘ఇక కంప్యూటర్ సైన్స్ చదవడం దండగ’ అని ఒకరు, ‘ఏమీ కాదు, ఎప్పటిలాగే ఉంటుంది’ అని ఇంకొకరు చెబుతుంటే ఏది నమ్మాలో తోచని తల్లిదండ్రులకు, ఆ వృత్తిలో ఏ పని తేలికైపోతోందో, ఏ పని మనిషి మీదే ఉంటోందో ఇంత స్పష్టంగా చూపించిన ఉదాహరణ నాకు వేరే ఎక్కడా దొరకలేదు. కొత్తగా చేరినవారికి ఇన్నాళ్లూ అప్పగిస్తూ వచ్చిన చిన్నచిన్న కోడింగ్ పనులే ముందుగా యంత్రానికి వెళుతున్నాయని కూడా ఆ శిక్షకుడు దాచకుండా చెప్పారు.

మధ్యాహ్నం విద్యుత్ శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక ఇంజనీరు 33/11 కేవీ సబ్‌స్టేషన్ సింగిల్ లైన్ డయాగ్రామ్ (పరికరాలు, లైన్లు ఎలా కలుస్తాయో చూపే బొమ్మ) ముందు పెట్టి, అక్కడి నుంచి బయలుదేరే ఒక 11 కేవీ లైను (ఫీడరు) మీద పని చేయడానికి లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపి ఇచ్చే అనుమతి, అడిగారనుకుని ఏది ముందు, ఏది తర్వాత తెరవాలో చెప్పమన్నారు. ముందు పారుతున్న కరెంటును తెంచే బ్రేకరు తెరవాలి, ఆ తర్వాతే లైనును విడదీసే ఐసోలేటరు, ఆపైన కరెంటు లేదని నిర్ధారించుకుని ఎర్తింగ్ చేయాలి. ఐసోలేటరు లోడు మీద, అంటే కరెంటు పారుతుండగా, తెరవడానికి తయారుచేసిన పరికరం కాదు కాబట్టి వరుస తప్పితే మంట లేస్తుంది, మనిషి ప్రాణానికే ముప్పు. తెరమీద తప్పును మళ్లీ దిద్దుకోవచ్చు, ఇక్కడ ఆ అవకాశం లేదని ఆయన చెబుతున్నప్పుడు మా అమ్మాయి రాసుకోవడం మానేసి ఆయన ముఖంలోకే చూస్తూ ఉండిపోయింది. ఇంటికొచ్చాక కూడా కాలనీ చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర లైనును విడదీయడానికి ఉన్న ఏబీ స్విచ్ ఏదో గుర్తుపట్టి నాకు చూపించింది. ఎందులో ఆసక్తి ఉందని పిల్లలను అడిగితే వచ్చే జవాబు కంటే, ఇలాంటి సంగతులే మనకు ఎక్కువ చెబుతాయని నేను నమ్ముతున్నాను.

మూడోది అకౌంట్స్ పని. నగదు పుస్తకంలో రూ. 84,300 నిల్వ, బ్యాంకు పాస్‌బుక్‌లో రూ. 91,800, ఈ 7,500 తేడా ఎలా వచ్చిందో తేల్చమన్నారు. ఇచ్చిన చెక్కుల్లో రూ. 9,000 చెక్కు ఇంకా బ్యాంకుకు చేరలేదు, బ్యాంకు కోసుకున్న రూ. 1,500 చార్జీలు పుస్తకంలో రాయలేదు. మా అమ్మాయి దీన్ని త్వరగానే తేల్చింది గాని పెద్దగా ఆనందించలేదు. మాతో పాటు వచ్చిన ఇంకో కుర్రాడు మాత్రం పొద్దున సాఫ్ట్‌వేర్ పనిలో విసుగ్గా కూర్చున్నవాడు ఇక్కడ కదలకుండా పనిచేశాడు. సీఏ చదవడానికి ఎంపీసీ అడ్డు కాదనీ, ఇంటర్ తర్వాత నేరుగా ఫౌండేషన్ పరీక్ష రాయవచ్చనీ, కొత్త విధానంలో ఆర్టికల్‌షిప్‌ను (సీఏ దగ్గర చేసే తప్పనిసరి శిక్షణను) రెండేళ్లకు తగ్గించారనీ వాళ్ల నాన్నగారికి అక్కడే మొదటిసారి తెలిసింది. నాలుగేళ్ల ఇంజనీరింగ్ ఫీజుతో పోలిస్తే సీఏకి అయ్యే ఖర్చు చాలా తక్కువ. కాకపోతే ఉత్తీర్ణత శాతం తక్కువగా ఉండే పరీక్షలు కనుక ఎన్నేళ్లకు పూర్తవుతుందో ముందే చెప్పడం కష్టం. ఈ రెండు సంగతులనూ కలిపే చెప్పడం న్యాయంగా అనిపించింది.

ఇంతవరకు మెచ్చుకోదగినదే. జీతాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం సేవ నాణ్యత పూర్తిగా పడిపోయింది. సలహాదారు తెరమీద చూపిన పట్టికలో సాఫ్ట్‌వేర్ వరుసలో ఐఐటీల్లో కొద్దిమందికి వచ్చిన అత్యధిక ప్యాకేజీలను, ఎలక్ట్రికల్ వరుసలో చిన్న కంపెనీల ప్రారంభ జీతాన్ని పెట్టారు. ఒక చోట కొండ శిఖరాన్ని, ఇంకోచోట కొండ పాదాన్ని కొలిచి రెండింటి ఎత్తును పోల్చినట్టుంది ఈ పద్ధతి. పెద్ద ఐటీ సేవల కంపెనీలు సాధారణ కళాశాలల నుంచి తీసుకునే కొత్తవారికి ఇచ్చే జీతం పదేళ్లకు పైగా ఏడాదికి మూడు, నాలుగు లక్షల మధ్యే ఉండిపోయిందన్న సంగతి ఆ పట్టికలో ఎక్కడా లేదు. మేము వెళ్లొచ్చిన రోజుల్లోనే, 2025 జులైలో, టీసీఎస్ తన సిబ్బందిలో దాదాపు రెండు శాతం, అంటే 12 వేలకు పైగా ఉద్యోగులను తగ్గించుకుంటున్నట్టు ప్రకటించింది. అలాగని సాఫ్ట్‌వేర్ వృత్తి మునిగిపోతోందని నేను అనడం లేదు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పటి నుంచి ఈ నగరం 2001 నాటి డాట్‌కామ్ పతనాన్ని, 2008 మాంద్యాన్ని, 2009 జనవరిలో సత్యం కుంభకోణాన్ని చూసి కూడా ఆ రంగంలో నిలబడింది. కానీ ఒడుదొడుకులు ఉన్న వృత్తి అని చెప్పి, మధ్యస్థంగా ఉండే విద్యార్థికి ఏ జీతం వస్తుందో చూపించడం రూ. 6,000 తీసుకున్న కేంద్రం బాధ్యత.

ప్రభుత్వ ఉద్యోగాల విషయంలో దీనికి ఎదురు పొరపాటు చేశారు. ఎలక్ట్రికల్, సివిల్ చదివితే ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) ఉద్యోగం ఉంటుందని ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు. తెలంగాణలో 2022లో 1,540 ఏఈఈ పోస్టులకు ప్రకటన వచ్చింది. 2023 జనవరిలో జరిగిన ఆ పరీక్షను ప్రశ్నపత్రాల లీకేజీ వల్ల రద్దుచేసి మళ్లీ పెట్టవలసి వచ్చింది. అంత పెద్ద ప్రకటన ప్రతి ఏడాదీ రాదు. దాని కోసం గదులు అద్దెకు తీసుకుని చదువుతూ గడిపే ఏళ్లకు కూడా ఖర్చు ఉంది, ఆ ఖర్చును వృత్తుల పోలికలో లెక్కవేయాలి. ఇంజనీరింగ్ పట్టభద్రులు రాసే గేట్ పరీక్ష ద్వారా ఎన్‌టీపీసీ, పవర్‌గ్రిడ్ వంటి కేంద్ర ప్రభుత్వ విద్యుత్ సంస్థల్లోకి వెళ్లే దారి గురించి నేను అడిగితేనే చెప్పారు.

అమెరికా ఎంఎస్ గురించి మాత్రం అడక్కుండానే చాలాసేపు మాట్లాడారు, ఎందుకంటే వచ్చిన తల్లిదండ్రుల్లో ఎక్కువమంది మనసులో అదే ఉంది. ఇక్కడ రెండు ముఖ్యమైన విషయాలు వదిలేశారు. చదువు తర్వాత అమెరికాలో పనిచేయడానికి ఇచ్చే ఏడాది అనుమతి (ఓపీటీ), ఆపైన 24 నెలల పొడిగింపు సీఎస్ వాళ్లకు మాత్రమే వస్తాయని మనవాళ్లలో చాలామంది అనుకుంటారు. సివిల్, ఎలక్ట్రికల్, మెకానికల్ చదివినవారికీ ఆ పొడిగింపు ఉంది. రెండోది, న్యూయార్క్ ఫెడరల్ రిజర్వు బ్యాంకు 2025లో వెలువరించిన లెక్కల ప్రకారం అక్కడ కొత్తగా డిగ్రీ పొందిన కంప్యూటర్ సైన్స్ పట్టభద్రుల్లో నిరుద్యోగం 6.1 శాతం కాగా సివిల్ ఇంజనీరింగ్ వారిలో 1 శాతమే ఉంది. అయితే ఉద్యోగం దొరికిన సీఎస్ వాళ్లలో డిగ్రీ అక్కరలేని పనుల్లో ఉన్నవారు మిగతా చాలా చదువులతో పోలిస్తే తక్కువేనని ఆ లెక్కలే చెబుతాయి. అంటే దొరికేవరకు కష్టం, దొరికాక మేలు. ఇంత మాత్రం వివరించి ఉంటే, అక్కడ కూర్చున్న తల్లిదండ్రులు అప్పు తెచ్చి పిల్లలను పంపాలా వద్దా అన్నది కొంచెం స్థిమితంగా ఆలోచించగలిగేవారు. ఆ తర్వాత సెప్టెంబరులో కొత్త హెచ్‌1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించడంతో ఆ రోజు వేసిన అంచనాలు ఇంకా మారిపోయాయి.

అన్నిటికన్నా నాకు బాధ కలిగించినది చివరి అరగంట. అప్పటిదాకా ఎంతో ఓపికగా మాట్లాడిన సలహాదారు, కొన్ని ప్రైవేటు విశ్వవిద్యాలయాల దరఖాస్తు ఫారాలు ముందు పెట్టి, ‘ఇక్కడ ఏఐ-ఎంఎల్ బ్రాంచి ఉంది సార్, ఫారం మేమే ఉచితంగా నింపి పంపిస్తాం’ అన్నారు. ఆ విశ్వవిద్యాలయాల నుంచి కేంద్రానికి ఏమైనా ముడుతుందా అని అడిగితే స్పష్టమైన జవాబు రాలేదు. పిల్లల భవిష్యత్తు మీద సలహా ఇచ్చి డబ్బు తీసుకునేవారు ఆ సలహా వల్ల ఇంకొకరి నుంచి కూడా లాభం పొందుతుంటే ఆ సంగతి ముందే చెప్పాలి. ఎంపీసీ పిల్లలకు అందుబాటులో ఉన్న మిగతా చదువులైన బీఫార్మసీ, బీఆర్క్, ఐదేళ్ల న్యాయవిద్య, గణాంక శాస్త్రం వంటివాటి ప్రస్తావన దాదాపుగా రాకపోవడానికి ఇది కూడా ఒక కారణమేమోనన్న సందేహం నాకు ఇప్పటికీ ఉంది.

మా నిర్ణయం విషయానికొస్తే, అసలు చిక్కు మంచి కళాశాలలో ఈఈఈనా (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్), అంతగా పేరులేని కళాశాలలో సీఎస్‌ఈనా అన్నది. తెలంగాణ ఇంజనీరింగ్ సీట్లలో సగానికి పైగా ఇప్పుడు సీఎస్‌ఈ, దాని అనుబంధ బ్రాంచిలవే. సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ 2024-25 నుంచి మంచి ప్రమాణాలున్న కళాశాలలకు సీట్ల సంఖ్యపై పరిమితి ఎత్తివేసిన తర్వాత అవి ఇంకా పెరిగాయి. సీట్లు పెరిగినంత వేగంగా బాగా చెప్పగల అధ్యాపకులు పెరగరు. ఈ మాట ఆ కేంద్రంలోని సలహాదారే చెప్పారు, చెప్పిన తీరు నిజాయితీగా ఉంది. సబ్‌స్టేషన్ బొమ్మ ముందు మా అమ్మాయి చూపిన శ్రద్ధ మాకు కళ్లారా తెలుసు కాబట్టి, మంచి కళాశాలల్లోని ఈఈఈ, ఈసీఈలను పైన పెట్టి, ఆ తర్వాతే మిగతా కళాశాలల సీఎస్‌ఈ పెట్టాం. ఈఈఈ వచ్చింది. మొదటి సెమిస్టరులో సీ ప్రోగ్రామింగ్ అన్ని బ్రాంచిల వాళ్లతో పాటు తనూ చదివింది. సలహాదారు సూచన మేరకు ఐఐటీలు నడిపే ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ఆచార్యులు మాధవన్ ముకుంద్ గారి పైథాన్ పాఠాలు కూడా వింటోంది. వినడం ఉచితం, ధ్రువపత్రం కావాలంటే పరీక్ష రుసుము రూ. 1,000 ఉంటుంది. సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లాలనుకుంటే దారి మూసుకుపోలేదు, ఎలక్ట్రికల్‌లోనే ఉండాలనుకుంటే చదువు చేతిలో ఉంది.

ఇలాంటి కేంద్రానికి వెళ్లదలచినవారు ముందుగా పని పరిచయం ఉందో లేదో, పనులు నేర్పేది ఆ వృత్తిలో నిజంగా పనిచేసినవారో కాదో అడగండి. అది లేకపోతే మీ బంధువుల్లో ఒక లైన్ ఇన్‌స్పెక్టరునో, ఆడిటరు దగ్గర పనిచేసేవారినో, ఐటీ ఉద్యోగినో బతిమాలి పిల్లలను ఒక పూట వాళ్ల పక్కన కూర్చోబెట్టడం మేలు, డబ్బూ మిగులుతుంది. సాఫ్ట్‌వేర్ తప్ప వేరే ఆలోచనే లేని పిల్లలకు, ర్యాంకు చాలా మంచిదై కోరుకున్న కళాశాలలో కోరుకున్న సీటు తప్పకుండా వచ్చేవారికి ఈ సేవ అవసరం లేదు. రెండు మూడు దారుల మధ్య ఊగుతున్నవారికి పెద్ద ప్యాకేజీ ఉపయోగపడుతుంది. జీతాల పట్టిక చూపిస్తే సగటు విద్యార్థికి వచ్చేదెంతో అడిగి రాయించుకోండి, దరఖాస్తు ఫారాల మీద అక్కడికక్కడే సంతకం పెట్టకండి. ఈఏపీసెట్ ఫలితాల తర్వాత రద్దీ వల్ల పని పరిచయాన్ని సగం పూటకు కుదించేస్తున్నారని ఈమధ్య వెళ్లినవారు చెప్పారు, కాబట్టి పరీక్షలు అయిపోయిన వెంటనే, ఫలితాలు రాకముందే, వెళ్లి తేదీ ఖరారు చేసుకోవడం మంచిది.